యాభై ఏడున్నర

కనుబొమలకు వేలెడు పైన టేపు ఆనిస్తాను.
చెవుల మీదుగా, వెనక గుత్తంగా ఉబ్బిన ఎముక దాకా,
అక్కణ్ణించి మళ్ళీ ముందుకు.
ఊపిరి బిగబట్టకు పాపా,
తల ఊపిరితో పెరగదు.

రిఫాలో మా దుకాణం.
అటు టైర్ల కొట్టు, ఇటు కరక్ చాయ్.
గాలి సఖీర్ నుంచి మళ్ళితే
కార్టుల రొద తేనెటీగల్లా వచ్చి అద్దానికి తగుల్తుంది.

నేను నేర్చిన పని వేరు.
మెట్‌పల్లిలో ఎర్ర రెక్సిన్ కుర్చీ, నీళ్ళ సీసా, బాపు కత్తెర.
"ఎంటికలు కాదురా, కింద పుర్రెను చూడు" అనేటోడు.
ఒకటి కొబ్బరికాయ, ఒకటి మామిడి టెంక,
ఒకటి తట్టలు మోసి మోసి మీద బల్లపరుపు.
తర్వాత ముహర్రక్ సెలూన్‌లో పదకొండేళ్ళు.
మలయాళీ తల, ఫిలిప్పీనో తల, ముత్యాల వ్యాపారి తల,
వేళ్ళకు ఏ భాషా అక్కర్లేకపోయింది.
సెలూన్ మూతబడ్డ నెల ఈ మేనేజరు అడిగాడు:
హెల్మెట్ల గురించి నీకేం తెలుసు?
తలలు తెలుసు అన్నాను.

ఈ పిల్ల లూల్వా. పన్నెండేళ్ళు. యాభై నాలుగు.
"ఒక సైజు పెద్దదియ్యి, పెరిగే పిల్ల" అంటాడు తండ్రి.
బడి గౌనైతే మడిచి కుట్టించుకోవచ్చు సార్,
దీనికి మడత ఉండదు.
ట్రాకు పక్కన గోడ
పిల్ల పెరిగేదాకా ఆగదు.

పట్టీలు రెండూ చెరోవైపు లాగి నెత్తికి దింపుతాను.
చెంపలు పైకి తోసుకొచ్చి మూతి చేప మూతి అయింది.
బిగుతుగా ఉందంటుంది.
ఎక్కడ?
"అంతటా" అంటే మంచి కబురు.
"ఇక్కడ" అని వేలు పెడితే, ఆ హెల్మెట్ ఆమెది కాదు.

తల ఊపు. కాదను. ఇప్పుడు అవునను.
నుదుటి తోలు దానితోపాటే కదలాలి.
వెనక అంచు పట్టుకుని ముందుకు దొర్లించి చూస్తాను,
ఊడి రాకూడదు.
గడ్డం కింద ఒక్క వేలికి చోటు, రెండో వేలికి లేదు.

రాజలింగుకు పచ్చ టోపీ ఇచ్చారు, సిత్రాలో, పరంజి మీద.
వెనక ఒక మర. తిప్పితే ఏ తలకైనా సరిపోతుందన్నారు.
ఎండకని లోపల తువ్వాల పెట్టుకున్నాడు,
వంగినప్పుడల్లా ఒక చేత్తో దాన్ని పట్టుకునేవాడు.
ముందు టోపీ పడింది,
తర్వాత మనిషి.
బతికాడు. కోరుట్లలో పంక్చర్లు వేస్తున్నాడు.
ఫోన్ కుడిచెవికే పెట్టుకుంటాడు.

పావుగంట అలాగే కూచోమన్నాను.
కూచుంది, మహారాణిలా, స్టూలు మీద కాళ్ళూపుతూ.
తండ్రి రెండు ఫోన్లు మాట్లాడాడు.
తీసి చూస్తే చెంపలు సమంగా ఎర్రబడ్డాయి, అది సరే.
నుదుటి నడుమ మాత్రం రూపాయి బిళ్ళంత గుర్తు.
కొలత కుదిరింది, అచ్చు కుదరలేదు.
ఈమెది ముందుకూ వెనక్కూ సాగిన తల,
హెల్మెట్ గుండ్రటి తల కోసం పుట్టింది.

ఇంకో కంపెనీది దించాను. నలభై దినార్లు తక్కువ.
మేనేజరు గల్లాపెట్టె దగ్గర దగ్గాడు.
మళ్ళీ పావుగంట.
బిళ్ళ లేదు.
"జైన్" అంది లోపల్నుంచి,
మాట నలిగి సగమే బయటికొచ్చింది.

రాత్రి షట్టర్ సగం దించాక టేపు ఇంకా మెడలోనే ఉంది.
పద్దెనిమిదేళ్ళలో ఈ దేశం నా ఛాతీని ఫొటో తీసింది,
నెత్తురు తీసుకుంది, పది వేళ్ళూ అద్దించుకుంది,
పెట్టెను ప్రతిసారీ తూచింది.
తలను ఎవరూ కొలవలేదు. నేనూ కొలుచుకోలేదు.

యాభై ఏడున్నర.

షోకేసులో నల్లదొకటి ఉంది, తొడుక్కున్నాను.
ఏసీ రొద పోయింది, మిగిలింది నా ఊపిరే.
గడియారం ముందు నిలబడి పావుగంట
ఎవడి పనీ చెయ్యలేదు.

తీసి అద్దంలో చూసుకుంటే
నుదుటి మీద బిళ్ళ.

బాపూ, మనది పొడుగు తలే.
పై అరలోది దించాలి,
స్టూలెక్కాలి.